వెండి మీద బంగారుతీగ: పదమూడు నెలలుగా నా చేతికున్న కడియం

"వెండి చేప కొన్నానురా" అంటే మా ల్యాబ్ కుర్రాడు "ఎన్ని కేజీలు మేడమ్?" అని అడిగాడు. వాడి తప్పేం లేదు. మా వైపు వెండి చేప అంటే సిల్వర్ కార్పే. నేను కొన్నది 34.2 గ్రాముల వెండి కడియం. రెండు కొసలూ కలవకుండా నోరు తెరుచుకుని ఉండే రకం, షాపుల్లో కఫ్ అంటున్నారు. దాని మీద రెండు జపాన్ కోయి చేపలున్నాయి. కొన్నప్పటి నుంచి పదమూడు నెలలుగా, రిపేరుకి ఇచ్చిన నాలుగు రోజులు తప్ప, నా కుడి చేతికే ఉంది. ఎడమ చేతికి వాచీ.

ముందు నా సంగతి చెప్పాలి, లేకపోతే ఈ రివ్యూలో చేపల గోల ఎందుకింత ఉందో అర్థం కాదు. నేను ఉండేది విజయవాడ సత్యనారాయణపురం, పని గుడివాడలో ఒక ఆక్వా ల్యాబ్‌లో. పొద్దున్నే రైలెక్కి వెళ్తాను, చీకటి పడ్డాక వస్తాను. రైతులు చెరువు నీళ్ళు సీసాల్లో, అడుగు మట్టి కవర్లలో పట్టుకొస్తారు. పీహెచ్ ఎంత, అమ్మోనియా ఎంత, అడుగు బాగుందా పాడైందా అని చూసి చెప్పడం నా పని. పదహారేళ్ళుగా ఇదే. పెళ్ళి భోజనంలో చేప ముక్క వడ్డించినా ముందు పొలుసు లైను చూసే అలవాటు నాది. అలాంటిదాన్ని నగల షాపులో చేప బొమ్మ ముందు నిలబెడితే ఏమవుతుంది?

2024 కార్తీకమాసంలో మా అమ్మాయికి పట్టీలు కొందామని బీసెంట్ రోడ్డు పక్క సందులో ఒక వెండి షాపుకెళ్ళాం. పట్టీలు తూకం వేస్తుంటే అద్దాల కింద ఇది కనిపించింది. గ్రాము వెండి 98 రూపాయలు, మజూరీ గ్రాముకి 45. దాని మీద 3 శాతం జీఎస్టీ కలిపి 5,037 రూపాయలు బిల్లు. (ఇప్పుడు వెండి ధర చూస్తుంటే ఆ రోజు రెండు కొనాల్సింది అనిపిస్తోంది, అది వేరే బాధ.) ఇందులో ఒక మెలిక ఉంది. ఇది 925 వెండి, అంటే నూటికి 92.5 వంతులే వెండి, మిగిలింది రాగి. లెక్క కడితే ఇందులో అసలు వెండి 31.6 గ్రాములు. బిల్లు మాత్రం మొత్తం 34.2 గ్రాములకీ మేలిమి వెండి రేటే వేశారు. అడిగితే "అందరూ అంతే మేడమ్" అన్నారు. తర్వాత ఇంకో రెండు చోట్ల అడిగి చూశాను, అక్కడా అంతే. అయినా నాకు మింగుడుపడలేదు.

ఇక చేపల దగ్గరికి వద్దాం.

కోయి అంటే ఏదో వింత చేప కాదు. మన చెరువుల్లో పెంచే బంగారుతీగ, అదే కామన్ కార్ప్, దాని రంగుల చుట్టం. జపాన్‌లో నీగతా అనే చోట, కొండల మీద వరి పండించుకునే యమకోషి రైతులు చలికాలం తిండికి కార్ప్‌ని పెంచుకునేవాళ్ళు. వాటిలో ఎప్పుడో ఒకటీ అరా ఎర్ర మచ్చలతో పుడితే, వాటిని కోసుకోకుండా పక్కన పెట్టి జత కట్టించారు. 1800ల తొలి సగంలో మొదలైన పని అది. 1914లో టోక్యోలో జరిగిన ఎగ్జిబిషన్‌లో పెడితే అప్పుడు దేశమంతా చూసింది. తెలుపు మీద ఎరుపు ఉంటే కొహాకు, దానికి నలుపు కూడా తోడైతే సాంకే. అన్నిటికీ కలిపి పేరు నిషికిగోయి. నిషికి అంటే జరీ పని చేసిన పట్టు. అంటే జరీ చేప అన్నమాట. మంగళగిరి చీరలు కట్టుకునే మనకి ఆ పేరు ఇట్టే ఎక్కుతుంది. కూర కోసం పెంచిన చేపని అందానికి ఉంచేసుకున్న ఆ రైతులంటే నాకు గౌరవం. మా కైకలూరు రైతులకి ఈ కథ చెప్తే "రంగుంటే కేజీకి ఎంత ఎక్కువిస్తారండీ?" అన్నారు. అదీ న్యాయమైన ప్రశ్నే.

కడియం మీద రెండు చేపల తలలూ తెరిచి ఉన్న కొసల దగ్గర ఉన్నాయి. తోకలు చేతి వెనక వైపు కలుస్తాయి. ఒకదాని వీపు పైకుంటే రెండోదాని వీపు కిందికి, అంటే ఒకటి ఏటికి ఎదురీదుతోంది, ఇంకోటి వాలుకి పోతోంది. తలల దగ్గర వెడల్పు 16 మిల్లీమీటర్లు, తోకల దగ్గరికి వచ్చేసరికి 7. ఖాళీల్లో ఒకదాని మీద ఒకటి పేర్చిన అర చక్రాల అలలు. జపాన్ వాళ్ళు పింగాణీ మీదా బట్టల మీదా వేసే పాత నమూనా ఇది. గాడుల్లో నలుపు నింపి, పైభాగం మెరుగు పెట్టారు. నాకు దీంట్లో అన్నిటికన్నా నచ్చింది ఆ నలుపే. అది లేకపోతే చేప కనిపించదు, ఉత్త తళతళ కనిపిస్తుంది.

పొలుసులు చక్కగా ఉన్నాయి. వరస వరసకీ సగం జరిగి, ఇంటి పెంకుల్లా పడ్డాయి. పక్కనుండే గీత, లేటరల్ లైన్ అంటాం, అది కూడా చుక్కలుగా చెక్కారు. అక్కడి దాకా చూసి "ఎవరో చేపని చూసి చేశారు" అనుకున్నాను. తర్వాత వీపు రెక్క చూశాను. బంగారుతీగకి వీపు రెక్క పొడుగ్గా, దాదాపు తోక దాకా సాగుతుంది. దీనికేమో పొట్టిగా, నిటారుగా, శీలావతి చేప (రోహు) రెక్కలా ఉంది. మీసాలు చూద్దును కదా, ఒక్కో చేపకి రెండే ఉన్నాయి. కోయికైనా బంగారుతీగకైనా నాలుగుండాలి, పై పెదవి దగ్గర చిన్న జత, నోటి మూల దగ్గర పెద్ద జత. అసలు మీసమే లేకపోతే గోల్డ్ ఫిష్. రెండుంటే ఏమిటి? అది షాపు చేప. మా ఆయన "ఎవరు లెక్కపెడతారే నువ్వు తప్ప" అన్నారు. నిజమే. కానీ చేతికేసుకునేది నేనే కదా.

రంగు ఉండదన్న సంగతి కొనేముందే ఒప్పుకోవాలి. కోయి పేరంతా ఎర్ర మచ్చది, వెండిలో అది రాదు. షాపులో ఎర్ర మీనా పని చేసింది కూడా ఒకటి చూపించారు. (మీనా పని అంటే మీనం పని అనుకుని మా అత్తయ్య "చేపల మీదే చేస్తారా అది?" అని అడిగారు. అది పారసీ మాట, చేపకీ దానికీ సంబంధం లేదు.) రోజూ వేసుకునేదానికి మీనా వద్దు. గాజు పొర కదా, రెండుసార్లు గోడకి తగిలితే పెచ్చు లేచిపోతుంది.

రోజువారీ వాడకం ఎలా ఉందంటే, మొదటి వారం పిచ్చెక్కింది. తోక కొస ఒకటి కాస్త గీరుగా ఉండి, చున్నీ దారాలన్నీ లాగేసేది. ల్యాబ్‌లో గ్లవ్స్ తొడుక్కుంటే రెండు జతలు అక్కడే చిరిగాయి. షాపుకి తీసుకెళ్తే ఆకురాయితో రెండు నిమిషాలు అరగదీసి ఇచ్చారు, డబ్బులు తీసుకోలేదు. ఆ తర్వాత ఆ బాధ లేదు. చపాతీ పిండి కలిపితే పొలుసుల్లోకి పోతుంది, తీసి పక్కన పెట్టాల్సిందే. రైల్లో పై రాడ్డు పట్టుకుని నిలబడితే టంగుమని మోగుతుంది, పక్కవాళ్ళు చూస్తారు. మే నెలలో బెంజిసర్కిల్ సిగ్నల్ దగ్గర స్కూటర్ మీద ఆగితే వెండి ఎంత తొందరగా కాలుతుందో అప్పుడు తెలిసింది. వేడిని మోయడంలో వెండిని మించిన లోహం లేదు అని ఇంటర్‌లో చదువుకున్నదే, మణికట్టు మీద ప్రాక్టికల్ అయింది. ఎండాకాలం దాన్ని చున్నీ కింద దాచి నడిపాను.

బరువు మాత్రం హాయిగా ఉంటుంది. ఉందని తెలుస్తుంది, ఇబ్బంది పెట్టదు. మా అత్తయ్య మొదట్లో "మగాళ్ళ కడియంలా ఉందమ్మా" అన్నారు. ఇప్పుడు పేరంటానికి వెళ్ళేటప్పుడు "ఆ చేపలది వేసుకో" అంటున్నారు.

ఇప్పుడు నల్లబడే సంగతి. అమ్మేటప్పుడు "యాంటీ టార్నిష్ కోటింగ్ ఉంది మేడమ్, రెండేళ్ళు చూసుకోనక్కర్లేదు" అన్నారు. ఎనిమిదో రోజుకి కొసల దగ్గర టీ మరకలా పసుపు పడింది. పదిహేను రోజులకి గోధుమరంగు, నెలకి అంచుల్లో నీలం కలిసిన నలుపు. షాపుకెళ్తే ఆయన నా చేయి వంక చూసి, "మీ ఒంటికి వేడి ఎక్కువ మేడమ్, అందుకే" అన్నాడు. చిన్నప్పటి నుంచి విన్న మాటే, మా అమ్మమ్మా అనేది. నవ్వొచ్చింది కానీ ఏమీ అనలేదు, పరీక్ష చేద్దామనుకున్నాను.

నా పాత మెట్టెలు రెండు తోమి తెల్లగా చేశాను. ఒకటి ఇంట్లో దేవుడి గూట్లో పెట్టాను. రెండోది ల్యాబ్‌లో, ఒక రైతు తెచ్చిన అడుగు మట్టి కవరు పక్కన, మూత పెట్టిన డబ్బాలో ఒక రాత్రంతా ఉంచాను. మేత ఎక్కువై అడుగున కుళ్ళి, గాలి అందకపోతే ఆ మట్టిలో హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది, కుళ్ళిన కోడిగుడ్డు వాసన వస్తుంది. చేపలు మేత మానేస్తే మేం ముందు అనుమానించేవాటిలో అదొకటి. పొద్దున్న మూత తీస్తే ఆ మెట్టె నల్ల మిరియంలా ఉంది. ఇంట్లోది అలాగే తెల్లగా ఉంది. ఆ గ్యాసు వెండితో కలిసి సిల్వర్ సల్ఫైడ్ అవుతుంది, అంతే. ఒంటి వేడి కాదు, చెరువు అడుగు. రబ్బరు గ్లవ్స్‌లో కూడా గంధకం ఉంటుంది కాబట్టి అదీ ఒక చెయ్యి వేసి ఉంటుంది. ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్ళకి ఇది ఇంత తొందరగా నల్లబడదు. మా చెల్లెలు గుంటూరులో బ్యాంకులో పని చేస్తుంది, తన వెండి గొలుసు ఆరు నెలలైనా బాగానే ఉంది. ఆ లెక్కన కోటింగ్ గురించి షాపాయన చెప్పింది మరీ అబద్ధం కాకపోవచ్చు, కానీ రెండేళ్ళ మాట ఎక్కువ.

ఇక్కడ నేను చేసిన తెలివితక్కువ పని కూడా చెప్పాలి. అల్యూమినియం ఫాయిల్ పరిచి, వేడి నీళ్ళు పోసి, వంట సోడా, ఉప్పు వేసి వెండిని ముంచితే తెల్లబడుతుంది కదా. చాలా మంచి పద్ధతి, వెండి అరగదు, గంధకం వెండిని వదిలి అల్యూమినియం దగ్గరికి పోతుంది. కెమిస్ట్రీ తెలుసన్న ధీమాతో ముంచాను. అయిదు నిమిషాల తర్వాత తీస్తే కడియం మిలమిలలాడుతోంది, చేపలకి మాత్రం కళ్ళు లేవు. పొలుసుల మధ్య గీతల్లేవు, అలల్లేవు. షాపువాళ్ళు కావాలని గాడుల్లో పెట్టిన నలుపు కూడా సిల్వర్ సల్ఫైడే! ఆ నీళ్ళకి ఏది మరకో ఏది పనితనమో తెలీదు, రెండిటినీ కడిగేసింది. గుడ్డి చేపల్ని చేతికేసుకుని రెండు వారాలు తిరిగాను. కాబట్టి గాడుల్లో నలుపున్న వెండిని ఫాయిల్ నీళ్ళలో ముంచకండి. కుంకుడు రసంలో మెత్తటి బట్ట ముంచి పైపైన తుడిస్తే చాలు.

ఆ రెండు వారాల్లోనే రెండో దెబ్బ తగిలింది. రెండు తోకలు కలిసే చోట, లోపలి వైపు వెంట్రుకంత గీత కనిపించింది. గోరు ఆనిస్తే ఆగుతోంది. పగులు.

ఈసారి షాపుకి వెళ్ళలేదు. వన్‌టౌన్‌లో పంజా సెంటర్ అవతల సందులో మా అమ్మవాళ్ళకి తెలిసిన ఆచారి గారున్నారు, డెబ్బై దాటి ఉంటాయి. మూడడుగుల కొట్టు, ముందు చెక్క బల్ల, పక్కన దాగలి, ఒక గ్యాస్ టార్చి. కడియం చేతిలోకి తీసుకుని, కళ్ళజోడు నుదుటి మీదికి ఎత్తి, కంటికి దగ్గరగా పెట్టుకుని తిప్పి చూశారు.

"ఒకే ముక్క అని చెప్పారా అమ్మా?"

"అవునండీ."

"కాదు. పోత పని ఇది. ఇటు చూడు, ఈ చేపకి మెడ దగ్గర మూడో పొలుసు మీద గాటుంది కదా. ఆ చేపకీ అదే పొలుసు మీద అదే గాటు. ఒకే మైనం అచ్చులోంచి రెండు చేపలు తీసి, తోకల దగ్గర టంకం పెట్టి అతికారు. అతుకు దగ్గరే పగిలింది."

ఏడాదిగా చేతికుంది, పొలుసులు లెక్కపెట్టాను, మీసాలు లెక్కపెట్టాను, ఆ గాటు నాకు కనపడలేదు.

"నువ్వెలా వేసుకుంటావో చూపించు" అన్నారు. రెండు కొసలూ పట్టుకుని విప్పి, చెయ్యి పెట్టి, నొక్కి చూపించాను. ఆయన తల పట్టుకున్నారు. "రోజూ ఇలాగేనా? తీగని అటూ ఇటూ వంచితే ఏమవుతుంది తల్లీ?" అని నా చెయ్యి తిప్పి, మణికట్టు ఎముకకి పైన సన్నగా ఉండే చోట, పక్క నుంచి కడియం నోటిని దూర్చి, గుండ్రంగా తిప్పారు. విప్పకుండానే ఎక్కేసింది. తీసేటప్పుడూ అంతే, తిప్పి పక్కకి లాగడమే. ఈ ఒక్క ముక్క షాపులో చెప్పి ఉంటే అతుకు ఇంకొన్నాళ్ళు ఆగేది. ఇలాంటి కడియం కొనేవాళ్ళు అక్కడే వేసుకుని తీసి చూడండి. విప్పితే తప్ప ఎక్కకపోతే అది మీ సైజు కాదు.

రిపేరు చూస్తూ కూర్చున్నాను. వెలిగారం (బోరాక్స్) రాయి మీద నీళ్ళతో అరగదీసి పగులుకి పూశారు. బియ్యపు నూకంత టంకం పలుకులు శ్రావణంతో, అంటే చిన్న పట్టకారుతో, ఒక్కొక్కటే పేర్చారు. మంట ఒకచోట నిలపకుండా చుట్టూ తిప్పుతుంటే వెలిగారం ముందు పొంగి, తర్వాత గాజులా కరిగింది. వెండి మసక ఎరుపుకి వచ్చిన క్షణంలో టంకం ఒక్కసారిగా నీళ్ళలా మెరిసి పగుల్లోకి జారిపోయింది. అప్పుడే మంట తీసేశారు, ఇంకో రెండు సెకన్లుంటే తోకలు కరిగేవట. యాసిడ్ నీళ్ళలో వేసి తీస్తే కడియం పాలలా తెల్లగా, మెరుపు లేకుండా, సుద్దముక్కలా వచ్చింది. తర్వాత గంధకం కలిసిన నల్ల మందు పూసి, ఇత్తడి బ్రష్షుతో కుంకుడు రసం వేసి తోమారు. పైభాగం తెల్లబడింది, గాడుల్లో నలుపు నిలిచింది, చేపలకి కళ్ళొచ్చాయి. మా చెరువు గ్యాసు పాడుచేసినదాన్ని అదే గంధకంతో ఆచారి గారు బాగుచేశారు. 250 రూపాయలు తీసుకున్నారు. పని పూర్తిగా ఆరి, ఇంకోసారి చూసుకుని ఇస్తానని నాలుగు రోజులు ఉంచుకున్నారు. అప్పటి నుంచి గీత మళ్ళీ రాలేదు.

హాల్‌మార్క్ గురించి ఒక ముక్క. నా కడియం మీద 925 అని అంకె మాత్రమే ఉంది, బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు లేదు. వెండికి హాల్‌మార్క్ ఇంకా తప్పనిసరి కాదు. కానీ 2025 సెప్టెంబర్ 1 నుంచి హాల్‌మార్క్ వేయించిన వెండి వస్తువుకి కూడా బంగారంలాగే అక్షరాలూ అంకెలూ కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ, అంటే ఆ వస్తువు గుర్తింపు నంబరు, వస్తోంది, బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసుకోవచ్చు. ఇప్పుడు కొనేవాళ్ళు అదున్నదే అడగండి. నాది వన్‌టౌన్‌లో మెషిన్ మీద పెట్టిస్తే 92.3 చూపించింది, ఆ విషయంలో షాపు మోసం చేయలేదు.

మొత్తం మీద 5,037 పెట్టి తప్పు చేశానని అనుకోవడం లేదు. ఆ అతుకూ ఆ "ఒకే ముక్క" అబద్ధమూ లేకపోతే అయిదుకి నాలుగున్నర ఇచ్చేదాన్ని, ఇప్పుడు మూడు. మీసాలకి పాతిక పైసలు కోత, అది నా సొంత పగ.

మా చెల్లెలు చూసి తనకీ కావాలంది. ఈసారి పోత పని వద్దు, ఆచారి గారి చేత రేకు మీద చెక్కించాలనుకున్నాను. అడిగితే "చేస్తాను గానీ ఆ చేపని నేనెప్పుడూ సరిగ్గా చూడలేదమ్మా" అన్నారు. ఫోన్‌లో ఫోటోలు చూపిస్తే, "అన్నీ పక్క నుంచే ఉన్నాయి. ఎదురుగా నోరెలా ఉంటుంది?" అన్నారు. పోయిన ఆదివారం అక్వేరియం షాపులో వేలెడంత కోయి పిల్లని 120 రూపాయలకి కొని, ఆక్సిజన్ నింపిన కవర్లో స్కూటర్ కొక్కేనికి తగిలించుకుని వన్‌టౌన్ వెళ్ళాను. ఆయన దాన్ని గాజు సీసాలో పోయించి, బల్ల మీద పెట్టుకుని, గడ్డం ఆనించి పావుగంట చూశారు. చేప నోరు తెరిచి మూసినప్పుడల్లా మూల మీసాలు రెండూ ముందుకొచ్చి వెనక్కి పోతున్నాయి. "నాలుగున్నాయి" అన్నారు, నేనేదో కాదన్నట్టు. పాత క్యాలెండర్ కాగితం వెనక పెన్సిల్‌తో నోరొక్కటే మూడుసార్లు గీశారు. వెండి కాకుండా మజూరీ 2,800, సంక్రాంతి వెళ్ళాక రమ్మన్నారు.

చేప ప్రస్తుతం మా ఇంట్లో స్నానాల గది బకెట్లో ఉంది. మా అత్తయ్య దానికి అటుకులు వేస్తున్నారు, వద్దన్నా వినరు.